సార్ మార్చిన ఒక్క మాట

"సార్ పోయిండు బిడ్డా" అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో మా బడి వరండాలో ఆరో తరగతి పిల్లల్ని వరుసలో నిలబెడుతున్నాను. ఏ సార్ అని అడగలేదు. కోరుట్లలో మా అమ్మకు తెలిసిన సార్లు చాలామందే ఉన్నారు గాని, పేరు చెప్పకుండా సార్ అంటే మా వాడకట్టులో ఒక్కరే. పొద్దున పాలాయన పిలిస్తే పలకలేదట. తలుపు దగ్గరికి వేసి ఉందట. తీసి చూస్తే కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉన్నారట. "ఎవ్వల్ని కష్టపెట్టలే" అంది అమ్మ. పోయినవాళ్ల గురించి అందరూ అనే మాటే అది. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు. ఎవరినీ కష్టపెట్టకుండా పోయారంటే, ఆ సమయానికి పక్కన ఎవరూ లేరనే కదా.

సెలవు చీటీ రాసిచ్చి వేములవాడ మీదుగా బస్సు పట్టుకొని కోరుట్ల చేరేసరికి అంతా అయిపోయింది. జగిత్యాల నుంచి ఆయన తమ్ముడి కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. మా గల్లీ మలుపు దగ్గర అప్పుడే ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, మధ్యలో సార్ ఫొటో, కింద వాడకట్టు పెద్దమనుషుల ఫొటోలు. ఇదంతా మా దగ్గర ఉండేదే. కాని పై మూలన, మామూలుగా దేవుణ్నో కాలం చేసిన తల్లిదండ్రులనో పెట్టే గుండ్రటి చోట, టోపీ పెట్టుకున్న ఒక తెల్లదొర ఉన్నాడు.

ఫ్లెక్సీ షాపుకు ఫొటోలు ఇచ్చి వచ్చింది మా పక్కింటి రాజవ్వ పెద్దమ్మ కొడుకు. ఈయన ఫొటో ఎందుకు పెట్టించారని పెద్దమ్మను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"సార్ ఇంట్ల గోడకు గా ఫొటో ఒక్కటే ఉండె. వాళ్ల పెద్దాయన గదనే?"

ఇంత తెల్లగా ఉన్నాడేమిటని అనుమానం రాలేదా అన్నాను.

"పాత ఫొటోలల్ల అందరు తెల్లగనే ఉంటరు" అంది.

నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు వచ్చింది. పెద్దమ్మ తప్పేమీ లేదు. సార్ ముప్పొద్దులా "మా పెద్దాయన, మా పెద్దాయన" అంటుంటే వినే వాళ్లు ఏమనుకుంటారు?

ఆ పెద్దాయన ఇంగ్లండులో ఎప్పుడో సినిమాలు తీసిన డైరెక్టరు. పేరు రాయను. రాస్తే మీరు ఆయన గురించి వెతుక్కుంటూ పోతారు, నేను చెప్పేది సార్ గురించి. పైగా సార్ కూడా మా ముందు ఆ పేరు ఎత్తింది తక్కువ. ఇంట్లో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవనట్టే ఉండేది ఆ వ్యవహారం.

సార్ జగిత్యాలలో కాలేజీ లెక్చరరు. ఇంగ్లిష్ చెప్పేవారు. రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి వచ్చేవారు. ఎండ ఉన్నా లేకున్నా చంకలో గొడుగు ఉండాల్సిందే. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఎవరో సినిమా పిచ్చివాళ్లు తెరకట్టి వేసిన ఆటలో మొదటిసారి పెద్దాయన సినిమా చూశారట. బయటికి వస్తే వాన. తడుచుకుంటూ హాస్టలుకు పోయేసరికి అన్నం అయిపోయింది. ఆ ఆకలి గురించి కూడా సార్ పండగ భోజనం గురించి చెప్పినట్టు చెప్పేవారు.

మా వాడకట్టులో మొదటి టీవీ, వీసీఆర్ సార్ వాళ్లవే. ఆయన భార్యను మేము చిన్నమ్మ అనేవాళ్లం. ఆమెకు ఇంగ్లిష్ ముక్క రాదు. సినిమా పెట్టగానే పక్కన కూర్చొని "ఏమంటుండు?" అని అడిగేదట. సార్ చెప్పేవారు. మళ్లీ "ఏమంటుంది?" మళ్లీ చెప్పేవారు. పెళ్లయిన కొత్తలో విసుక్కునేవాడినని, తర్వాత ఆమె అడిగేలోపే చెప్పడం అలవాటైందని సార్ నాతో అన్నారు. పిల్లలు లేరు. చిన్నమ్మ కామెర్లతో పోయింది. నేను అప్పుడు చిన్నదాన్ని. సార్ టీవీ మీద దుప్పటి కప్పి చాలా రోజులు తీయలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీద బీడీలు చుడుతున్న మా అమ్మ దగ్గరికి, రాజవ్వ పెద్దమ్మ దగ్గరికి సార్ వచ్చి నిలబడ్డారు. "మీ చాటలు తెచ్చుకొని మా ఇంట్ల కూసోన్రి. సినిమా పెడ్త" అన్నారు. ఇంగ్లిష్ సినిమా మాకేం తెలుస్తుందని అమ్మ అంటే, నేను చెప్తా కదా అన్నారట. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం పెట్టుకొని ఆడవాళ్లు ఆ ఇంట్లో కూర్చోవడం అట్లా మొదలైంది. ఎందుకు పిలిచారని పెద్దయ్యాక నేను అడిగాను. "ఎవ్వరు అడగకపోతే, గా సినిమాల ఏమంటున్నరో నాకే తెల్వకుండ పోయింది" అన్నారు.

సార్ తెరకు ఎదురుగా కూర్చునేవారు కాదు. తెర పక్కన కుర్చీ వేసుకొని, మా వైపు తిరిగి కూర్చునేవారు. సినిమా ఆయనకు కంఠతా వచ్చు. చూసేది మా మొహాలను. అట్లా చూస్తూ, తెర మీద పెదవులు కదలగానే మా మాటలో చెప్పేవారు. మీసాలు మెలేసిన ఇంగ్లండు కల్నలు "గిదేం పని రా నువ్వు చేసింది" అనేవాడు. పట్టుగౌను దొరసాని "అవ్వా, నేను పోను గా ఇంటికి" అనేది. మేము కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం. అయితే యాస మాదైనా మాట పెద్దాయనదే. దాంట్లో ఒక్కటి కలపడం గాని తీయడం గాని ఉండేది కాదు. ఒకసారి హీరో విలన్ని వదిలేసి పోతుంటే రాజవ్వ పెద్దమ్మ ఊరుకోలేక "ఒక్క దెబ్బన్న కొట్టుమను సారూ" అంది. సార్ సినిమా ఆపేసి మరీ కోప్పడ్డారు. పెద్దాయన కథ మాకు మొదటిసారి పూర్తిగా చెప్పింది ఆ రోజే.

పెద్దాయన వానలు తప్ప మరేమీ లేని ఒక చిన్న ఊళ్లో దుకాణదారు కొడుకు. సినిమా అంటే తండ్రికి పడదు. ఇల్లు వదిలి, మాటలు రాని మూగ సినిమాల రోజుల్లో స్టూడియోలో నేల ఊడ్చే పనికి కుదిరాడు. ఊడుస్తూ ఊడుస్తూ పక్కగదిలో ఫిల్ము కత్తిరించే వాళ్ల దగ్గర చేరాడు. ఇంకొకరు తీసిన బొమ్మలను కత్తిరించి అతికించే పనిలోనే సగం యవ్వనం పోయింది. అక్కడే ఆయన నేర్చుకున్నాడనేవారు సార్, మనిషి మొహాన్ని ఎంతసేపు చూడనివ్వాలో. యుద్ధం రోజుల్లో సొంతంగా సినిమా తీశాడు. పేరు వచ్చింది. పెద్ద పెద్ద వాళ్లు ఇంటికొచ్చి పిలిచారు. అప్పుడు తీసిన ఒక సినిమాకు పెట్టుబడి పెట్టినవాళ్లు ముగింపు బాగా లేదని, ఆయనకు చెప్పకుండా ఇంకో ముగింపు అతికించి విడుదల చేశారు. ఆయన హాల్లో కూర్చొని చూస్తుండగా తెలిసింది. లేచి బయటికి నడిచి, వాళ్ల మొహం మళ్లీ చూడలేదు.

"ఒక్క మాట మార్చినా సినిమా సచ్చిపోతది" అన్నారు సార్, మా అందరి మీదా వేలు ఆడిస్తూ. రాజవ్వ పెద్దమ్మ చుట్టిన బీడీని మళ్లీ విప్పి చుట్టింది.

మిగతా కథ సార్ కరెంటు పోయినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పేవారు. తర్వాత తీసిన సినిమాను పత్రికలవాళ్లు చీల్చి చెండాడారు. పని ఇచ్చే వాళ్లు లేకుండా పోయారు. పల్లెలో ఒక ఇల్లు, ఒక కుక్క, ఏళ్ల తరబడి ఖాళీ. మీసం నెరిసిపోయాక ఎవరో కుర్రవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, మీ సినిమాలు చూసి మేము ఈ పనిలోకి వచ్చామన్నారు. పెద్దాయన వాళ్లకు టీ పెట్టిచ్చి, ఏ సినిమా, ఏ సీను అని పట్టి పట్టి అడిగాడట. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి సార్ గొంతు ప్రతిసారీ కొంచెం తగ్గేది. పెద్దాయన ఖాళీ ఇంటి గురించి చెప్పేటప్పుడు ఆయన ఎవరి ఇంటి గురించి చెబుతున్నారో మాకు అర్థమయ్యేది.

"చెవులు మూసుకొని చూసినా సమజ్ కావాలె, గదే సినిమా" అనేది ఆయన ఇంకో మాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సార్ ఇంటికి నాలుగిళ్ల అవతల పద్మక్క ఉండేది. ఆమె భర్త మస్కట్‌లో కూలి పని. సెలవు మీద వచ్చిపోయే మగవాళ్లకు సార్ పెద్దాయన సినిమాల పేర్లు చెప్పి పంపేవారు. వాళ్లు అత్తరు సీసాలు, కంబళ్లతో పాటు ఎప్పుడన్నా ఒక క్యాసెట్టో సీడీయో తెచ్చేవారు. పద్మక్క భర్త చివరిసారి వచ్చినప్పుడు సార్ ఎన్నాళ్లుగానో అడుగుతున్న ఒక సినిమా పట్టుకొచ్చాడు. తిరిగి పోయిన కొంతకాలానికి అతని ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీలో లేడన్నారు. జైల్లో ఉన్నాడని ఒకరు, ఎడారిలో పోయాడని ఒకరు. ఏ కబురూ తేలలేదు. ఏళ్లు గడిచాక అత్తగారి వైపు పెద్దమనుషులు కూర్చొని, అతని పేరున గడ్డిబొమ్మ చేసి దహనం పెడదాం, కర్మ చేసి బొట్టు తీసేద్దాం, లేకుంటే పోయినవాడి ఆత్మ తిరుగుతూ ఉంటుందని తేల్చారు. పద్మక్కకు ఆలోచించుకోమని వారం గడువిచ్చారు.

ఆ వారంలో వచ్చిన ఆదివారం ఆమె చాట పట్టుకొని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. "మా ఆయన తెచ్చిన సినిమా ఒక్కనాడు పెట్టకపోతివి సారూ. ఇయ్యాల పెట్టు" అంది. సీడీ మీద గీతలు పడ్డాయన్నారు సార్. పడ్డకాడికి చూస్తమంది. ఆయన ఆ సినిమా ఒక్కరే చూసి, పద్మక్క కంట పడకూడదని దాచేశారని నాకప్పుడు తెలియదు. వేరే దారి లేక పెట్టారు.

సముద్రం ఒడ్డున రాళ్ల మీద దీపస్తంభం. పడవలకు దారి చూపే ఆ దీపాన్ని చూసుకునే మనిషి ఏదో పని మీద పడవెక్కి పోతాడు, మళ్లీ రాడు. భార్య ఒక్కతే మెట్లెక్కి రోజూ ఆ దీపం వెలిగిస్తూ ఉంటుంది. కథంతా అంతే. మాటలు కూడా తక్కువ. చాటల్లో చేతులు వాటి పని అవి చేస్తున్నాయి గాని ఎవరూ గొంతు ఎత్తలేదు. చివరికి ఒక పడవ వచ్చింది. అందులోంచి ముసలి నావికుడు ఒక్కడే దిగి, ఆమె ముందు నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకొని, రెండు ముక్కలు చెప్పాడు.

సార్ చెప్పలేదు. పెదవులు కదిలి ఆగాయి. "ఏమంటుండు సారూ?" అంది రాజవ్వ పెద్దమ్మ. సార్ తెరను చూడలేదు, పద్మక్క మొహం చూశారు.

"వచ్చే పడవల వస్తడట" అన్నారు.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ మాత్రం ఇంగ్లిష్ నాకు వచ్చు. నావికుడు చెప్పింది అది కాదు. నేను సార్ వైపు తిరిగాను. ఆయన లేచి తెర వెనక వైరేదో సవరించడం మొదలుపెట్టారు.

అందరూ పోయాక నన్ను ఆగమన్నారు. "విన్నవా?" అని అడిగారు. విన్నానన్నాను. "పెద్దాయన ఉంటే నన్ను గడప తొక్కనియ్యకపోతుండె" అన్నారు. మంచే చెప్పారు కదా సార్ అంటే తల అడ్డంగా ఊపారు. "మంచా చెడ్డా అన్నది కాదు బిడ్డా. అది ఆయన మాట కాదు." ఆ సినిమా ఆ తర్వాత ఎప్పుడూ పెట్టలేదు.

వారం తిరిగేసరికి పద్మక్క పెద్దమనుషుల ముందు నిలబడి, గడ్డిబొమ్మ లేదు, దహనం లేదు, నా బొట్టు జోలికి రావద్దని చెప్పేసింది. ఒక్కతే బీడీలు చుట్టి బిడ్డను చదివించింది. ఆమె భర్త కబురు ఇప్పటికీ లేదు. ఇదంతా తన మాట వల్లే జరిగిందని సార్ నమ్మారు. నేనూ నమ్మాను. లేని పడవ కోసం ఒక ఆడమనిషిని జీవితమంతా ఒడ్డున నిలబెట్టానన్న బెంగ ఆయనకు పట్టుకుంది. నా పెళ్లయి సిరిసిల్ల వచ్చాక, నేను ఎప్పుడు కోరుట్ల పోయినా మొదటి ప్రశ్న అదే. "పద్మ ఎట్లున్నది? ఇంక ఎదురుచూస్తున్నదా?" నాలుగిళ్ల అవతల ఉన్న మనిషి గురించి సిరిసిల్ల నుంచి వచ్చిన నన్ను అడిగేవారు. ఆమెనే అడిగే ధైర్యం లేకపోయింది.

రిటైరయ్యాక సార్ ప్రొజెక్టరు కొన్నారు. తెరకు సిరిసిల్లలో మా అత్తగారింటి మరమగ్గం మీద నేసిన తెల్లగుడ్డ నేనే తెచ్చి ఇచ్చాను. ముడత లేకుండా ఉందని గోడకు కట్టి మురిసిపోయారు. కాని అప్పటికే చూసేవాళ్లు తగ్గిపోయారు. సీరియళ్లు వచ్చాయి, తర్వాత ఎవరి ఫోను వాళ్లకు వచ్చింది. మా అమ్మకు మోకాళ్లు, రాజవ్వ పెద్దమ్మకు కళ్లు. పద్మక్క ఒక్కతే చాలా కాలం వచ్చింది. ఆమె కూడా బిడ్డ కాన్పుకని జగిత్యాల పోయి నెలల తరబడి ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం నేను వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. కిటికీకి గోనెపట్టా కట్టి గది చీకటి చేసుకొని సార్ సినిమా వేసుకున్నారు. గదిలో ఎవరూ లేరు. ఆయన తెర పక్కన అదే కుర్చీలో, ఖాళీ గది వైపు తిరిగి కూర్చొని ఉన్నారు. ఇట్లా కూర్చున్నారేమిటి సార్ అంటే, "అలవాటైంది" అన్నారు. అంతకంటే ఒంటరి మనిషిని నేను చూడలేదు. చాపేసుకొని ఎదురుగా కూర్చున్నాను. నాకు ఇంగ్లిష్ వచ్చని ఆయనకు తెలుసు, నేర్పింది ఆయనే. అయినా "ఏమంటుండు సార్?" అని అడిగాను. సార్ మొహం చూడాలి ఆ క్షణం. సినిమా చివరిదాకా చెప్పారు, గొంతు బొంగురు పోయినా ఆపలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. తమ్ముడి కొడుకు తాళం మా అమ్మకు ఇచ్చి జగిత్యాల బస్సెక్కాడు. గదిలో మేము నలుగురమే మిగిలాం. అమ్మ, రాజవ్వ పెద్దమ్మ, పద్మక్క, నేను. గోడ మీద ఆ తెల్లగుడ్డ అట్లాగే ఉంది. పద్మక్క దాన్ని చూస్తూ అంది, "మా ఆయన తెచ్చిన సినిమా పెట్టు."

నేను తటపటాయించాను. ఆమె పోయి కిటికీకి గోనెపట్టా దించి వచ్చి కూర్చుంది. పెట్టాను.

సార్ గొంతు లేకుండా ఆ సినిమా ఎంత నిశ్శబ్దంగా ఉందో. సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. మాటలు వచ్చిన చోట నేను చెబుదామనుకున్నాను గాని నోరు రాలేదు. ఆ కుర్చీ అక్కడ ఖాళీగా ఉండగా ఎట్లా చెప్పను? పడవ వచ్చింది. ముసలి నావికుడు దిగాడు, టోపీ తీశాడు.

"ఏమంటుండు?" అంది రాజవ్వ పెద్దమ్మ, మసక కళ్లతో తెర వైపు ముందుకు వంగి.

ఈసారి పద్మక్క చెప్పింది. "రాడట పెద్దమ్మా. ఇగ రాడట."

"వచ్చే పడవల వస్తడని సార్ అన్నడు గద గప్పుడు?"

"గది సార్ నా కోసం అన్నడు. టోపీ చేతుల పట్టుకొని మంచి మాట ఎవ్వలు చెప్తరు? ఆమె మొకం చూస్తె తెల్వదా? నాకు గప్పుడే తెల్సు."

చెవులు మూసుకొని చూసినా అర్థం కావాలన్న మనిషి, ఆ ఒక్కరోజు తన మాటను తానే మరిచిపోయారు. లేదా, మరిచిపోవాలనుకున్నారు. నేను పద్మక్కను అడిగాను, తెలిసినదానివి సార్‌కు ఎందుకు చెప్పలేదని.

"బొట్టు నేనుంచుకున్న, నాకు ఉంచుకోవాలనిపించి. సినిమా చూసి కాదు. గాని ఎవ్వల కోసం ఒక్క మాట మార్చని మనిషి నా కోసం మార్చిండు. దాన్ని వాపసు ఎట్ల ఇస్త?"

ఈ మాట ఆయన వినాల్సింది. నాలుగిళ్ల దూరంలో ఉన్న మాట. ఇద్దరూ ఒకరికి తెలియకూడదని ఇంకొకరు దాచుకున్నారు, ఆయన మాత్రం ఆ బరువుతోనే పోయారు. నాకు ఏడుపు ఆగలేదు. పద్మక్క ఏడవలేదు, తెర మీది ఆడమనిషి కూడా ఏడవలేదు.

నావికుడు పడవెక్కి వెళ్లిపోయాడు. సముద్రం మీద పొద్దు గుంకుతోంది. ఆ ఆడమనిషి భుజాల మీది గుడ్డను కొంగులా తల మీదికి లాక్కొని, చేతిలో చిన్న దీపంతో దీపస్తంభం మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. అక్కడ మాటలేమీ లేవు, చెప్పడానికేమీ లేదు. రాజవ్వ పెద్దమ్మ కూడా ఏమీ అడగలేదు. పైన దీపం వెలిగింది. మా మగ్గం గుడ్డంతా తెల్లబడి, ఆ వెలుగు పక్కకు జారి, మా వైపు తిరిగి ఉన్న సార్ ఖాళీ కుర్చీ మీద పడింది.